వంక దాటిన బావులు

హబీబ్ సార్ పోయారని ఆలస్యంగా తెలిసింది. నేను ప్రొద్దుటూరు చేరేసరికి ఇంటి ముందు వేసిన కుర్చీలు కూడా తీసేశారు. ఆయన కూతురు నన్ను లోపలికి పిలిచి, టీ ఇచ్చి, కాసేపు ఏడ్చింది. తర్వాత ఆయన కోపాల గురించీ చాదస్తాల గురించీ చెప్పుకుని కాసేపు నవ్వింది. ఇంజనీరింగ్ చదివే మనవరాలు నా పక్కన చేరి, "మా తాత మీకేం నేర్పించినాడు ఆంటీ?" అని అడిగింది. "పటాలు చేసేది" అన్నాను. ఆ పిల్ల తన చేతిలోని ఫోను వైపు ఒకసారి చూసుకుని, మర్యాదకు తల ఊపి ఊరుకుంది. దాన్ని తప్పుపట్టను. పటం దాని చేతిలోనే పుట్టింది. ఊర్లు, సందులు, సందుల్లో టీ కొట్లతో సహా. నాకు మాత్రం తిరుగు బస్సు ముద్దనూరు దాటేదాకా మనసు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. సార్ నేర్పిన వాటిలో ఒకటి ఆ పిల్లకు చెప్పి ఉండవలసింది. ఆ ఇంట్లో, ఆ పూట, నోరు రాలేదు.

మా ఊరు ముద్దనూరికీ జమ్మలమడుగుకూ నడుమ, రోడ్డుకు ఒక మైలు లోపలికి ఉంటుంది. మాది గొర్రెల ఇల్లు. నాయన కాలానికి కొంచెం చేను కూడా చేతికొచ్చింది గానీ, ఇంటి వాసన మాత్రం మంద వాసనే. పొద్దున కళ్ళు తెరిస్తే కంబళి వాసన, పాల వాసన, దొడ్లో తడిసిన పెంటికల వాసన, వాటన్నిటి మీదుగా అమ్మ గెలుకుతున్న సంగటి వాసన. పొద్దు గూకే వేళకు అవ్వ గడప మీద కూర్చుని, వక్క నోట్లో వేసుకుని, "అందరూ వచ్చినారా?" అని అడిగేది. మనుషుల్నీ గొర్రెల్నీ కలిపే అడిగేది. వచ్చినారని ఎవరో ఒకరు చెప్పేదాకా గడప దిగేది కాదు. ఆ ఏండ్లలో మా వైపు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఆ మాట అడుగుతూనే ఉండేవారు. ఒక్కో ఊర్లో రెండు వర్గాలు, రెండు వర్గాలకూ రెండు పార్టీలు. ఎన్నికలు వచ్చినప్పుడు జెండాలు అటుదిటు ఇటుదటు అయ్యేవి గానీ, ఎవరికి ఎవరంటే పడదో అది మాత్రం మారేది కాదు.

నాయన బడికి పోలేదు. కానీ ఏ వంకలో ఏ నెల దాకా నీళ్ళుంటాయో, ఏ గట్టు మీద తుమ్మకాయలు రాలతాయో, ఏ ఊరి పొలిమేరలో ఆ ఏడు అడుగు పెట్టకూడదో ఆయనకు నోటికి వచ్చు. "ఆ ఊర్లో ఈతూరి గాలి బాగలేదు" అని మంద దారి మార్చేవాడు. నేను ప్రొద్దుటూరులో డిగ్రీ ముగించి, వర్షపు నీళ్ళు నిలబెట్టే పథకం ఒకదాంట్లో పటాలు గీసే పనికి చేరినప్పుడు, ఇంట్లో ఆ పని ఏమిటో అర్థమైంది ఆయనకొక్కడికే. "యాడ ఏముందో రాసి పెట్టేదేగదా. మంచి పనే" అన్నాడు. అవ్వకు మాత్రం నచ్చలేదు. "ఆడపిల్ల ఊర్లెంబడి తిరిగి బావులు లెక్కబెట్టేదేందిరా" అని గొణిగేది. నాయన రోజూ చీకటితోనే నాతో రోడ్డు దాకా నడిచి, మొదటి బస్సు ఎక్కించేవాడు. బస్సు కదిలేముందు ఒకే మాట చెప్పేవాడు. "ఎవరన్నా యా పక్కోళ్ళు అని అడిగితే గొర్రెల పక్క అని చెప్పు." నేను నవ్వేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు.

మా ఆఫీసు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ సందులో, ఒక మిద్దె పైన. కింద కంసాలుల కుంపట్లు. బొగ్గు పొగ, యాసిడ్ వాసన, సన్న సుత్తి చప్పుడు రోజంతా మెట్లెక్కి వచ్చేవి. పైన రెండు గదులు. లోపలి గదిలో ఒకే ఒక కంప్యూటరు, దానికి పూల గుడ్డ ముసుగు, దాని కోసమే ఒక చల్లటి మిషను. చెప్పులు బయట విడిచి, కాళ్ళు తుడుచుకుని లోపలికి పోవాలి. హబీబ్ సార్ సర్వే డిపార్టుమెంటులో పటాలు గీసి గీసి రిటైరైన మనిషి. ఈ కొత్త విద్యను ఆ వయసులో, ఒక నోటుపుస్తకంలో ఏ మీట తర్వాత ఏ మీటో రాసుకుని నేర్చుకున్నారు. ఎప్పుడూ తెల్ల చొక్కా, జేబులో భూతద్దం. నిమ్మకాయ టీ తప్ప ఇంకేమీ తాగేవారు కాదు.

మొదటి వారం ఆయన నన్ను కంప్యూటరు ముట్టుకోనివ్వలేదు. అవతలిది కనిపించే పల్చటి కాగితాలు నాలుగు ముందు పెట్టారు. ఒకదాని మీద చేన్ల గట్లు గీయమన్నారు. రెండోదాని మీద వంకలు. మూడోదాని మీద దారులు. నాలుగోదాని మీద బావులు, బోర్లు. తర్వాత నాలుగూ ఒకదాని మీద ఒకటి పేర్చి కిటికీ వెలుతురుకు పట్టి, "సూడు బేటీ, ఊరు వచ్చిండ్లా?" అన్నారు. నిజంగానే ఊరు వచ్చింది. "లోకంలో ఎంత సామాను ఉండనీ, పటంలో మూడే. చుక్క, గీత, గడి. బావి చుక్క. వంక గీత. చేను గడి. ఒక్కో చుక్క ఎనక ఒక్కో వరస రాసి పెట్టల్ల. ఎవురిది, ఎంత లోతు, నీళ్ళు తీపో ఉప్పో. ఆ వరసలు లేకపోతే అది బొమ్మ. ఉంటేనే పటం." ఇంత తేలిగ్గా చెప్పిన మాటను తర్వాత నేను ఎన్ని లావుపాటి పుస్తకాల్లో ఎంత కష్టంగా చదివానో!

ఇంకో సంగతి ఆయన రెండు మూడు సార్లు చెప్పారు. భూమి నున్నటి బంతి కాదు. ఒక పక్క అణిగి, ఒక పక్క ఉబ్బి ఉంటుంది. మన పాత సర్వే పటాలు గీసినవాళ్ళు దాని రూపం ఒక రకంగా అనుకుని కొలతలు మొదలుపెట్టారు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలను చూసి చోటు చెప్పే చేతి మిషను ఇంకో రకంగా అనుకుంటుంది. కాబట్టి ఒకే బావికి రెండూ రెండు లెక్కలు చెబుతాయి. "కింద అంగట్లోకి పో. ఒకే గాజును రెండు త్రాసుల్లో పెడితే గురిగింజంత తేడా వస్తాది. ఏ త్రాసుదో రాసుకోకుండా కలిపినావో, మునిగినావు" అన్నారు. నేను ఆ మాటలన్నీ ఎర్ర ఇంకుతో, కింద గీత గీసి, అందంగా రాసుకున్నాను. రాసుకోవడమే నేర్చుకోవడం అనుకునే వయసు.

నాకు మొదటగా అప్పగించిన ఊరు పులివెందుల దాటి లింగాల పోయే దారిలో ఉంది. అసలు పేరు రాయను. రాళ్ళవంక అనుకోండి. ఊరి చేన్ల నడుమ ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక వంక. వంకకు పడమటి చేన్లు వీరన్న వర్గానివి, తూర్పు చేన్లు గంగన్న వర్గానివి. ఊర్లో కూడా పైవీధి వీరన్నది, కిందివీధి గంగన్నది. రెండు వీధులకూ పోగలిగిన మనిషి ఒక్కతే, తిమ్మక్క. రెండు పక్కలా పిల్లల్ని భూమ్మీద పడేసిన మంత్రసాని. ఆమెను తోడు పెట్టుకుని నేను నాలుగు రోజులు బావి నుంచి బావికి తిరిగాను. చేతి మిషను పట్టుకుని ఆకాశం వైపు చూస్తూ నిలబడితే, తిమ్మక్క కొంగు నెత్తిన వేసుకుని, "దేవుడు కనపడినాడా మ్మేయ్? కనపడితే వాన సంగతి అడుగు" అనేది. గంగన్న బోరు దగ్గర ఆమె దోసిలి పట్టి నీళ్ళు తాగితే నేనూ తాగాను. తియ్యటి నీళ్ళు. ఆ బోరు వంకకు తూర్పున, కానుగ చెట్టు కింద ఉంది. అదృష్టం, ఆ నీళ్ళ రుచితో పాటు ఆ చోటూ నాకు గుర్తుండిపోయింది.

పటం తయారయ్యే వారంలోనే సార్‌కు కంటి ఆపరేషను పడింది. "నేనొచ్చినాక ఒకసారి సూస్తా, అంతవరకూ బయటికి పంపొద్దు" అని చెప్పి పోయారు. మా ఆఫీసరుకు తొందర. గ్రామసభలో చూపాలి, బడి గోడకు అంటించాలి అన్నాడు. నిజం చెప్పాలంటే తొందర ఆయనకు ఎంతో నాకూ అంతే. నా చేతుల మీదుగా పుట్టిన మొదటి పటం అది. రంగుల్లో అచ్చై చాపంత వెడల్పున బయటికి వస్తుంటే, దాన్ని చూసుకుంటూ మధ్యాహ్నం అన్నం కూడా మరిచాను. మిషను నుంచి వచ్చిన బావుల్ని పాత సర్వే పటం మీద పేర్చాను. ఏ త్రాసుదో చూడలేదు. పటాన్ని చుట్టి రాళ్ళవంకకు పంపించాను.

మూడో రోజు పొద్దున ఆ ఊరి బడి అయ్యవారు లింగాలకొచ్చి, ఫోను బూతు నుంచి మాట్లాడాడు. "ఏం పటం పంపినావమ్మా తల్లీ! గంగన్న బోరు వీరన్న చేన్లో ఉన్నెట్టు రాసినావంట. గంగన్న పేరుతో సహా. గవర్నమెంటోళ్ళను పట్టుకోని మా చేను రాయించుకున్యాడని పైవీధోళ్ళు మండిపడతాండారు. కిందివీధోళ్ళేమో, పటంలో ఉంటే మాదేగదా, దున్నితే ఏమైతాదంటాండారు. నిన్నట్నుంచి మిద్దెల మీద మనుషులు కాపలా ఉండారు. పిల్లోల్లను చుట్టాల ఊర్లకు తోలేసినారు. బళ్ళో నేనొక్కన్నే ఉండా." మా వైపు ఒక గట్టు కోసం, ఒక చెట్టు కోసం ఇండ్లకు ఇండ్లే ఖాళీ అయిన సంగతులు నేను చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. ఇప్పుడు ఆ గట్టును జరిపింది నేను.

కంప్యూటరు ముందు కూర్చుని పటం తెరిచాను. నేను తాగిన నీళ్ళ బోరు వంక దాటి పడమటికి పోయి ఉంది. దాన్ని ఒక్కదాన్నే తూర్పుకు జరిపేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఎవరు చూడొచ్చారు? అప్పుడు బడి ముందరి చేతిపంపు కనిపించింది. అది పోయి వంక నడిమధ్యన ఉంది. వీరన్న సొంత బోరు శ్మశానంలో ఉంది. ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. అన్నీ వాయవ్యం మూలకు, రెండు చేన్ల దూరం, ఒకే కొలతలో జరిగి ఉన్నాయి. అప్పుడు తెలిసింది. ఎర్ర ఇంకు మాటలు తెరిచి చూసుకోవలసిన అవసరం లేకపోయింది.

కంటి ఆసుపత్రికి పరుగెత్తాను. సార్ ఒక కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నారు. ఏడుస్తూనే అంతా చెప్పాను. ఆయన తిడతారనుకున్నాను. "అన్నీ ఒకే పక్కకు జరిగినాయా? ఒకే దూరమా?" అని మాత్రం అడిగారు. ఔనన్నాను. ఆయన గోడకు చేరగిలబడి గట్టిగా ఊపిరి వదిలారు. "అల్లా మేలు చేసినాడు. తలా ఒక పక్కకు చెదిరింటే దిద్దలేం బేటీ. అన్నీ ఒక్క పక్కకే జరిగింటే, అన్నిట్నీ ఒక్కసారిగా ఎనక్కు తేవొచ్చు." కన్నీళ్ళు తుడుచుకుని, ఇప్పుడే పోయి దిద్ది కొత్త పటం పంపుతానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "కొత్తది పంపితే, వీరన్న బెదిరిస్తే మార్చినారని కిందివీధోళ్ళు అంటారు. పటం దిద్దేది కాదు. ముందు ఆ ఊర్లోకి పోయి, తప్పు మాదని చెప్పల్ల. రెండు వీధుల్లోనూ."

ఆఫీసరు పోలీసులు లేనిదే జీపు కదలదన్నాడు. పోలీసులతో పోతే ఆ ఊర్లో మన మాట ఎవరు వింటారని సార్ ఫోనులోనే గద్దించారు. డాక్టరు వద్దంటున్నా వినకుండా ఆ కట్టుతోనే జీపెక్కి నా పక్కన కూర్చున్నారు. "నేనేమీ మాట్లాడను. పటం నీది. నువ్వే మాట్లాడల్ల" అన్నారు. నా ఒళ్ళో రెండు కాగితాలు. ఒకటి చేన్లూ వంకా ఉన్న మామూలు కాగితం. రెండోది పల్చటి కాగితం మీద బావులు మాత్రమే. ఎర్రగుంట్ల లారీల వెనక దుమ్ము తిని, ముద్దనూరు, పులివెందుల దాటి పోతుంటే, నాయన మంద తోలుకుపోయే దారులు అక్కడక్కడా రోడ్డును అడ్డంగా దాటుతూ కనిపించాయి. నేను ఇక్కడికి పోతున్నానని ఇంట్లో ఎవరికీ తెలియదు. సాయంత్రం అవ్వ అడుగుతుంది. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

పైవీధి మొదట్లోనే జీపు ఆపారు. మిద్దెల మీద తువ్వాలలు చుట్టుకున్న తలలు. ఏ ఇంటి నుంచీ పొగ లేదు. వీరన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వయసు నాయనకంటే కొంచెం పెద్ద. "ఎవురు రాయమంటే రాసినావు పాపా?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదేమో.

"ఎవురూ రాయమన్లేదప్పా. తప్పు నాది" అన్నాను. అరుగు మీద కాగితం పరిచి, దాని మీద పల్చటి కాగితం పెట్టాను. "మిషన్లో ఒక గుర్తు మార్చల్ల. నేను మార్చకుండానే పటం చేసినా. గంగన్న బోరు ఒక్కటే కాదు, ఊర్లో బావులన్నీ జరిగినాయి. సూడు, బడి చేతిపంపు వంకలో పడింది. నీ బోరు యాడ పడిందో సూడు."

ఆయన వంగి చూశాడు. గుంపులో నుంచి తిమ్మక్క తల దూర్చింది. "అయ్యో ఈరన్నా, నిన్ను అప్పుడే స్మశానానికి తోలేసిండ్లా ఈ పాప!" అంది. ఎవరూ నవ్వలేదు. వీరన్న పల్చటి కాగితం అంచు మీద వేలు పెట్టి, నేను చూపించిన వైపు, ఆగ్నేయం మూలకు మెల్లగా జరిపాడు. చేతిపంపు బడి ముందుకొచ్చింది. ఆయన బోరు ఆయన చేన్లోకి వచ్చింది. గంగన్న బోరు వంక దాటి కానుగ చెట్టు కిందికి పోయింది. మళ్ళీ వెనక్కు జరిపాడు. మళ్ళీ ముందుకు జరిపాడు. ఆ ముసలి వేలి కింద ఊరు రెండుసార్లు చెదిరి రెండుసార్లు కుదురుకుంది.

"నీ పేరేంది? యా ఊరు?" అన్నాడు. ఆ రోజుల్లో దానికి మించిన ప్రశ్న లేదు. మా ఊరు చెప్పాను. నాయన పేరు చెప్పాను.

"గొర్రెల సుబ్బన్న కూతురివా? మీ నాయన ఎరువుకని మా చేన్లలో మంద కట్టినాడు" అన్నాడు. తర్వాత వెనక ఉన్నవాళ్ళ వైపు తిరిగి, "ఒగసారి వాళ్ళ గొర్రెలు నా సెనిక్కాయ చేన్లో పడినాయి. మనోళ్ళు ఎవురూ సూల్లేదు. ఆయనే పొద్దున్నే వచ్చి, తప్పయిందప్పా అని నిలబడినాడు" అన్నాడు. లేచి తువ్వాల దులుపుకున్నాడు. మిద్దె మీదికి చూసి, "దిగండ్రా" అన్నాడు. అంతే.

కిందివీధిలో కూడా అదే కాగితం, అదే మాట. గంగన్న చాలాసేపు పటం వైపే చూశాడు. "అంటే ఆ చేను మాది కాదంటావు" అన్నాడు. "కాదప్పా" అన్నాను. ఆయన తన కొడుకుల వైపు తిరిగి, "నిన్న మడక కడతామంటిరే. కట్టింటే ఈపొద్దు ఏమైతాండె?" అన్నాడు. ఆయన భార్య లోపలి నుంచి మజ్జిగ చెంబు తెచ్చి నా చేతిలో పెట్టింది. పెట్టాక కూడా నా చేయి వదల్లేదు. "నిన్నట్నుంచి పొయ్యి ఎలిగించలేదమ్మా. సంగటి చేస్తే తినేకి అందరూ ఉంటారో ఉండరోనని" అంది. ఆ చేయి చల్లగా ఉండింది. నేను మజ్జిగ తాగడం చూసి సార్ అప్పుడు మొదటిసారి నోరు విప్పి, "నాకూ ఒక గలాసు ఇయ్యమ్మా, పుణ్యముంటాది" అన్నారు.

మేము జీపెక్కేటప్పటికి రెండు వీధుల్లోనూ పొగలు లేస్తున్నాయి. పులివెందులలో టీ కోసం ఆపినప్పుడు సార్, "వచ్చే వారం నుంచి రెండు త్రాసుల లెక్క మళ్ళీ మొదట్నుంచి చెప్తా" అన్నారు. చెప్పారు కూడా. ఈసారి రాసుకోలేదు, చేశాను. ఆ రాత్రి నాయనకు జరిగిందంతా చెప్పాను. సెనిక్కాయ చేను సంగతి నిజమేనా అని అడిగితే, "వాళ్ళే సూసింటే ఇంగో రకంగా ఉండేది. దానికంటే నేనే చెప్పేది మేలనిపించింది" అన్నాడు. అందులో గొప్ప ఏముందన్నట్టు పక్కకు తిరిగి పడుకున్నాడు.

నేను ఆ ఊరిని బాగుచేశానని చెప్పుకోను. వైరం ఆ తర్వాత కూడా ఉండింది. కోర్టులు తిరిగారు, ఎన్నికలప్పుడు అరుచుకున్నారు. మెల్లమెల్లగా పిల్లలు చదువులకూ షాపులకూ ప్రొద్దుటూరుకు, కడపకు పోయారు. మిద్దెల మీద కాపలా కాసేవాళ్ళు కరువయ్యారు. ఇప్పుడు పటంలో తప్పు దొర్లితే, బిర్యానీ తెచ్చే అబ్బాయి పక్క సందులోకి పోయి ఫోను చేస్తాడు. ఇంతకు మించి ఏమీ కాదు. నా చేతి కింద నేర్చుకునే పిల్లలు చుక్కల్ని విసురుగా అటూ ఇటూ జరుపుతుంటే నాకు కోపం రాదు. ఆ చుక్కల కోసం ఎవరూ ప్రాణాలు బిగబట్టుకుని కూర్చోవడం లేదు కదా అని ఎంతో తేలిగ్గా ఉంటుంది.

గంగన్న ముందు పోయాడు, పక్షవాతంతో, భార్య చేతి మీదే. వీరన్న పోయిన సంగతి మాత్రం, ఆ బడి అయ్యవారు రిటైరై చాలా ఏండ్లయ్యాక, ఒకసారి ఏదో పని మీద ఫోను చేసి మాటల్లో చెప్పాడు. పాత అలవాటు, ఆ పేరు వినగానే మిద్దెల మీద కాపలా కాసిన తలలే కళ్ళ ముందు మెదిలాయి. "ఎట్ల పోయినాడు అయ్యవారూ?" అన్నాను.

ఆయనకు నా ప్రశ్న అర్థం కాలేదు. "ఎట్ల పోయేదేందమ్మా," అన్నాడు, "ముసలోడైనాడు, పోయినాడు."